పోయిన సొమ్ము వెంట పరుగు: జూద వ్యసనంపై కౌన్సెలర్ల ప్రశ్నలు

ఈ నెల శీర్షికకు వచ్చిన ఉత్తరాలలో ఐదు ఒకే విషయాన్ని గురించి ఉండడం వల్ల వాటిని ఒకచోట చేర్చి జవాబులు రాస్తున్నాను. రాసినవారు నల్లగొండ, పాలమూరు ప్రాంతాలలో వ్యసన విముక్తి కేంద్రాలలోనో, కళాశాలలలోనో, పల్లెలలోనో పనిచేస్తున్నవారు. జూదం వల్ల చితికిపోయిన కుటుంబాలు తమ దగ్గరకు వస్తున్నాయని, వారికి సాయపడడానికి తమ చదువు చాలడం లేదని అందరూ రాశారు. వారి పేర్లు ఇక్కడ ఇవ్వడం లేదు.

ప్రశ్న: నల్లగొండలోని ఒక వ్యసన విముక్తి కేంద్రంలో ఆరేళ్లుగా కౌన్సెలర్‌గా పనిచేస్తున్నాను. మద్యం, కల్తీ కల్లు అలవాటైనవారితో ఎలా మాట్లాడాలో అనుభవం మీద నేర్చుకున్నాను. ఈ మధ్య ఆన్‌లైన్ రమ్మీ, క్రికెట్ బెట్టింగ్ వల్ల అప్పులపాలైన యువకులను తల్లిదండ్రులు తీసుకువస్తున్నారు. ఎం.ఏ. సైకాలజీలో జూదం గురించి నేను చదివింది ఒక్క పేరా మాత్రమే. మద్యం మాన్పించే పద్ధతినే వీరికీ వాడవచ్చా? కొత్తగా ఏమి నేర్చుకోవాలి?

జవాబు: మీకు తెలిసినదానిలో సగం ఇక్కడా పనికివస్తుంది, మిగిలిన సగాన్ని పక్కన పెట్టి మొదటి నుంచి నేర్చుకోవాలి. ఏది ఏ సగమో తేల్చుకోవడంతోనే మీ చదువు మొదలవుతుంది.

పనికివచ్చే సగం మాట తీరుకు సంబంధించినది. వచ్చిన మనిషిని తప్పుపట్టకుండా, మారాలన్న మాట అతని నోటనే పలికేటట్టు నడిపే ప్రేరణ సంభాషణ పద్ధతిని అమెరికన్ మనస్తత్వవేత్త విలియం మిల్లర్ 1983లో మద్యపానం విషయంలోనే రాసినా, జూదం విషయంలోనూ అది నిలబడింది. ఏ సమయంలో, ఎవరి మధ్య, ఏ మనఃస్థితిలో మళ్లీ చేయి అటు పోతుందో ముందే గుర్తించి కాచుకోవడం, ఇంటివారిని చికిత్సలో భాగస్వాములను చేయడం కూడా మీకు తెలిసినవే.

పనికిరాని సగం శరీరానికి సంబంధించినది. కల్తీ కల్లు దొరకని రోజుల్లో చేతులు వణుకుతూ, మూర్ఛలు వస్తూ, పొంతన లేకుండా మాట్లాడుతూ పాలమూరు ఆసుపత్రులలో చేరినవారిని మీరు చూసే ఉంటారు. అక్కడ వ్యసనం దేహంలో కనిపిస్తుంది, నోట వాసన వస్తుంది, రక్తపరీక్షలో దొరుకుతుంది. జూదానికి వాసన లేదు. మానినవారికి చిరాకు, నిద్రలేమి, కాలు నిలవకపోవడం ఉంటాయి కాని, కొన్ని రోజులు మంచం మీద ఉంచి మత్తు దిగేవరకు చూద్దామనే పద్ధతికి ఇక్కడ చోటు లేదు. జూదం ఆనవాళ్లు బ్యాంకు ఖాతాలో ఉంటాయి. కాబట్టి మీరు నేర్చుకోవలసిన మొదటి కొత్త విద్య లెక్కలు చదవడం.

ఇది చిన్న విషయం కాదు. మూడు నెలల ఖాతా వివరాలను అతనితో పక్కపక్కన కూర్చుని, అతని అనుమతితో, ఒక్కొక్క వరుసా చదవాలి. అర్ధరాత్రి దాటాక పడిన చిన్న చిన్న చెల్లింపులు ఎన్ని, ఒకటి పోయిన వెంటనే దానికి రెట్టింపు పెట్టినవి ఎన్ని, గెలిచిన సొమ్ము ఖాతాకు చేరిందా లేక ఆటలోనే తిరిగి కరిగిపోయిందా, రుణ యాప్ నుంచి పడిన మొత్తం ఎంతసేపు నిలిచింది అనేవి చూడాలి. బ్యాంకులో కనిపించని అప్పులను అడిగి రాబట్టాలి. ఎత్తిన చిట్టీ, కుదువపెట్టిన తల్లి పుస్తెలతాడు, వడ్లు అమ్మిన సొమ్ములో తండ్రికి చెప్పకుండా తీసినది, ఊళ్లో నూటికి మూడు రూపాయలకు తెచ్చినది, అన్నీ ఒక కాగితం మీదికి రావాలి. నూటికి మూడు అంటే ఏడాదికి 36 శాతమని చాలామంది యువకులు ఎప్పుడూ లెక్క కట్టి ఉండరు. ఆ కాగితం పూర్తయిన రోజున కొందరు మొదటిసారి ఏడుస్తారు. అప్పుడు మీరు మాట్లాడకుండా కూర్చోగలగడం కూడా ఈ విద్యలో భాగమే.

రెండవది రోగ నిర్ధారణ. అమెరికన్ మానసిక వైద్యుల సంఘం తన నిర్ధారణ గ్రంథంలో జూదాన్ని 1980లో తొలిసారి చేర్చినప్పుడు ఆవేశాన్ని అదుపు చేసుకోలేని రుగ్మతల మధ్య ఉంచింది. 2013లో వచ్చిన ఐదవ కూర్పులో మద్యం, మాదకద్రవ్యాల పక్కకు మార్చింది. 2022 నుంచి అమలులో ఉన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ పదకొండవ వర్గీకరణ కూడా దీనిని వ్యసన రుగ్మతగానే గుర్తించి, ప్రధానంగా ఆన్‌లైన్‌లో ఆడేదానిని, బయట ఆడేదానిని వేరువేరుగా నమోదు చేయమంటుంది. అమెరికన్ గ్రంథంలో లక్షణాలు తొమ్మిది: అదే ఉత్సాహం కోసం పెట్టే మొత్తం పెంచుకుంటూ పోవడం, తగ్గించబోతే చిరాకు రావడం, మానాలని ప్రయత్నించి పలుమార్లు విఫలం కావడం, మనసంతా ఆట మీదే ఉండడం, బాధ కలిగినప్పుడు ఆటను ఆశ్రయించడం, పోయినదానిని రాబట్టుకోవడానికి మళ్లీ ఆడడం, దాచిపెట్టి అబద్ధమాడడం, బంధాన్నో ఉద్యోగాన్నో చదువునో పోగొట్టుకోవడం, ఆ గడ్డు పరిస్థితి నుంచి బయటపడేయమని ఇతరుల డబ్బు మీద ఆధారపడడం. పన్నెండు నెలల కాలంలో వీటిలో నాలుగు ఉంటే రుగ్మత అంటారు. నాలుగైదు ఉంటే స్వల్పం, ఆరేడు ఉంటే మధ్యస్థం, ఎనిమిది తొమ్మిది ఉంటే తీవ్రం.

ఈ తొమ్మిదిలో ఆరవదాని దగ్గర మీరు ఎక్కువసేపు ఆగాలి. తాగేవాడు నిన్న తాగినదానిని ఈరోజు తాగి వెనక్కు తెచ్చుకోగలనని అనుకోడు. ఆడేవాడు అచ్చంగా అలాగే అనుకుంటాడు. తనను ముంచినదే తనను ఒడ్డుకు చేర్చుతుందన్న నమ్మకం జూదానికి ప్రత్యేకమైనది. అందువల్లనే అప్పు పెరిగిన కొద్దీ ఆట తగ్గవలసింది పోయి ఇంకా పెరుగుతుంది. ఈ నమ్మకాన్ని నెమ్మదిగా విప్పి చూపే ఆలోచన, ప్రవర్తన చికిత్సను పద్ధతి ప్రకారం నేర్చుకోండి. వరుసగా ఓడాను కాబట్టి ఇక గెలుపు రావాలనుకోవడం, ఒక్క ముక్కలో తప్పిపోయిన ఆటను గెలుపుకు దగ్గరగా వచ్చినట్టు భావించడం, రమ్మీలో తన నేర్పు ఉంది కాబట్టి నష్టం తాత్కాలికమని నమ్మడం, వీటిని వాదనతో ఓడించలేము. అతను ఆడిన ఆటల లెక్కనే అతని ముందు పెట్టి అతనే చూసుకొనేటట్టు చేయాలి.

మూడవది మిగిలినవన్నీ ఆపి అయినా చేయవలసినది: ఆత్మహత్య ఆలోచన గురించి సూటిగా అడగడం. అడిగితే లేని ఆలోచన కలుగుతుందన్న భయం మనలో చాలామందికి ఉంది, అది సరికాదు. అప్పు బయటపడిన రోజు, అప్పులవాళ్లు ఇంటికి వచ్చిన రోజు, పెద్ద పందెం ఓడిన రాత్రి చాలా ప్రమాదకరమైనవి. మన జిల్లాలలో పత్తి, వరి పండించే ప్రతి ఇంట్లో పురుగుల మందు ఉంటుంది. ఆ డబ్బాలను ఆ రోజే ఇంటి నుంచి తీసివేయించి మరొకరి దగ్గర తాళం వేయించడం, రాత్రి ఎవరు తోడుంటారో పేరు పెట్టి నిర్ణయించడం, ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ అయిన టెలి మానస్ నంబరు 14416 ను ఇంటిలో ఇద్దరి ఫోన్లలో ఉంచడం మీ మొదటి సమావేశంలోనే జరగాలి. 2022 అక్టోబరు 10 నుంచి నడుస్తున్న ఆ సేవ ఉచితం, తెలుగులోనూ మాట్లాడవచ్చు.

మరొక మాట. వయసు మళ్లినవారు ఎన్నడూ లేనిది హఠాత్తుగా జూదంలో పడితే వాడుతున్న మందులను అడగండి. పార్కిన్సన్ వ్యాధికి ఇచ్చే ప్రమిపెక్సోల్ వంటి మందులు, మానసిక రుగ్మతలకు ఇచ్చే అరిపిప్రజోల్ కొందరిలో ఇటువంటి కోరికను రేకెత్తిస్తాయి. మందును మీరు ఆపించకూడదు. రాసిన వైద్యునికి ఆ రోజే తెలియజేయాలి.

ప్రశ్న: మహబూబ్‌నగర్‌లో స్వచ్ఛంద సంస్థలో కౌన్సెలర్‌ని. జూద వ్యసనంపై ఆన్‌లైన్‌లో చాలా కోర్సులు కనిపిస్తున్నాయి. కొన్ని రెండు గంటల్లో ధ్రువపత్రం ఇస్తామంటున్నాయి. ఇప్పటికే నాలుగు తీసుకున్నాను. నేను బాగుపడ్డాడని నమ్మిన ఒక యువకుడు మూడు నెలలు నాతో అబద్ధం చెబుతూ మళ్లీ అప్పు చేసినట్టు ఈ మధ్య తెలిసింది. నా చదువులో లోపం ఎక్కడ ఉంది?

జవాబు: మీ ఉత్తరంలోని రెండు విషయాలకూ సంబంధం ఉంది. ధ్రువపత్రాలు నాలుగు ఉన్నాయి కాని, ఆ మూడు నెలలలో ఒక్కసారైనా ఆ యువకుని విషయం అనుభవజ్ఞుడైన మరొకరి ముందు పెట్టి చర్చించానని మీరు రాయలేదు. లోపం అక్కడ ఉందని నా అభిప్రాయం.

నిరంతర విద్య అంటే విన్న గంటల మొత్తం అని మనకు అలవాటైంది. ఈ రంగంలో పాతుకున్న అంతర్జాతీయ జూద కౌన్సెలర్ల ధ్రువీకరణను చూడండి. దాని తొలి స్థాయికి జూదం గురించే 30 గంటల శిక్షణ అడుగుతారు. అయితే అక్కడితో సరిపెట్టరు. జూద సమస్య ఉన్నవారితో 100 గంటలు నేరుగా పనిచేసి ఉండాలని, ఆ పనిని గుర్తింపు పొందిన పెద్దల దగ్గర సంప్రదించి ఉండాలని కూడా అడుగుతారు. ఆ ధ్రువీకరణ మనకు అవసరమా కాదా అన్నది వేరే మాట. వినడం, చేయడం, చేసినదానిని మరొకరికి చూపించడం అనే మూడూ కలిస్తేనే చదువు అవుతుందన్న వారి పద్ధతిని మనం తీసుకోవచ్చు.

మన దేశంలో క్లినికల్ సైకాలజిస్టులకు 1992 చట్టం కింద ఏర్పడిన భారత పునరావాస మండలి నమోదు ఉంది. నమోదును పునరుద్ధరించుకోవడానికి నిరంతర విద్య తప్పనిసరి. మీవంటి కౌన్సెలర్లను 2021లో వచ్చిన అనుబంధ ఆరోగ్య వృత్తుల జాతీయ కమిషన్ చట్టం తన పరిధిలోకి తెచ్చింది కనుక, మీ చదువు వివరాలను, హాజరైన శిక్షణలను, గంటలను ఇప్పటి నుంచే ఒక పుస్తకంలో తేదీల వారీగా రాసుకోవడం మంచిది. నేర్చుకొనే చోటుకు వస్తే, బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్‌లో 2014లో మొదలైన సాంకేతికత వినియోగ చికిత్సా విభాగం ఆన్‌లైన్ ఆటల సమస్యలను చూస్తోంది. అదే సంస్థ దూరప్రాంతాల వారి కోసం తెర మీద కేసుల చర్చలు నడుపుతుంది. పాలమూరులో కూర్చుని మీ కేసును అక్కడి నిపుణుల ముందు పెట్టే అవకాశం ఉన్న ఇటువంటి తరగతిని, రెండు గంటల వీడియో కంటే పది రెట్లు విలువైనదిగా నేను లెక్కిస్తాను.

దానికంటే దగ్గరి దారి కూడా ఉంది. మహబూబ్‌నగర్, నల్లగొండ ప్రభుత్వ వైద్య కళాశాలలలో మానసిక వైద్య విభాగాలు ఉన్నాయి. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం బృందాలు ఉన్నాయి. నలుగురైదుగురు కౌన్సెలర్లు కలిసి, ఒక మానసిక వైద్యుని ఒప్పించి, నెలకు ఒక ఆదివారం రెండు గంటలు కూర్చోండి. ఒక్కొక్కరు ఒక్కొక్క కేసు తేవాలి. పేరు, ఊరు చెప్పకూడదు. బాగా జరిగినదానిని కాక, చిక్కుపడినదానిని తేవాలి.

నా తొలి ఏళ్లలో ఇటువంటి చర్చా బృందం లేక నేను చేసిన పొరపాటును చెబుతాను. ఒక తండ్రి ఎకరం పొలం అమ్మి కొడుకు అప్పంతా ఒక్కసారే తీర్చివేస్తానంటే, భారం దిగితే కుర్రవాడు తేరుకుంటాడని నేను సరేనన్నాను. అప్పు తీరింది. కొన్ని నెలలు తిరగకముందే, ఆ ఇల్లు తీర్చగల ఇల్లని తెలిసిన వడ్డీవ్యాపారులే పిలిచి మరీ కొత్త అప్పు ఇచ్చారు, అతను తీసుకున్నాడు. భారతంలో ధృతరాష్ట్రుడు ఓడినదంతా తిరిగి ఇచ్చి పంపాక కూడా ధర్మరాజు రెండవ పిలుపుకు వెనుదిరిగి వచ్చి పాచికల ముందు కూర్చున్నాడని చిన్నప్పటి నుంచి వింటూ పెరిగిన నేను, ఆ కథను నా ఎదుట ఉన్న కుటుంబానికి అన్వయించుకోలేకపోయాను. ఇతరుల డబ్బుతో గట్టెక్కడం ఆ తొమ్మిది లక్షణాలలో ఒకటి. దానిని చికిత్స అనుకొని నేనే అందించాను. ముందుగా ఒక్క సీనియర్‌కు చెప్పి ఉంటే ఆపేవారు. అప్పును వాయిదాలుగా, సాధ్యమైనంత వరకు అతని సంపాదన నుంచే, ఇంటివారి పర్యవేక్షణలో తీర్చేటట్టు ఏర్పాటు చేయాలని, ఖాతా తల్లి చేతికో భార్య చేతికో కొంతకాలం అప్పగించాలని, ఫోన్ చెల్లింపుల రోజువారీ పరిమితిని బ్యాంకు యాప్‌లో తగ్గించాలని తరువాత నేర్చుకున్నాను. ఆ ఎకరం మాత్రం తిరిగి రాలేదు.

ఇక ఆ యువకుడు మీకు అబద్ధం చెప్పాడన్న బాధ. అబద్ధం ఈ రుగ్మత లక్షణమే. కడుపునొప్పితో వచ్చినవాడికి కడుపు నొస్తున్నదని వైద్యుడు నొచ్చుకోడు. అయితే మీరు ఒక ప్రశ్న వేసుకోవాలి: నిజం చెబితే నేను నిరాశపడతానని అతనికి అనిపించేలా ప్రవర్తించానా? ప్రతి వారం బాగున్నాడని విన్నప్పుడు మీ ముఖంలో కనిపించిన సంతోషమే, మళ్లీ ఆడినట్టు చెప్పడానికి అతనికి అడ్డమై ఉండవచ్చు. ఇటువంటిది మనకు మనం చూసుకోలేము, పక్కన మరొకరు ఉండి చూపాలి. అతన్ని వదలకండి. మళ్లీ ఆడిన రోజున ముందుగా తెలపవలసింది మీకేనని, తెలిపినందుకు మెచ్చుకుంటారే తప్ప నిష్ఠూరమాడరని చెప్పి, ఖాతా వివరాలతో మొదటి నుంచి ప్రారంభించండి.

ప్రశ్న: దేవరకొండ దగ్గరి పల్లెలలో ఆరోగ్య కార్యకర్తగా తిరుగుతాను. శిక్షణలో ఇచ్చిన ప్రశ్నల పత్రం ప్రకారం అడిగితే జూదం ఆడతామని ఎవరూ చెప్పరు. కాని ప్రతి వాడలో ఎవరో ఒకరు అప్పుల్లో ఉన్నారని తెలుసు. ఎలా అడగాలి?

జవాబు: "జూదం ఆడుతవా?" అని అడిగితే "లేదమ్మా, గేమ్ ఆడుత" అంటారు, అది వారి దృష్టిలో అబద్ధం కాదు. జూదం అన్న మాట మనకు సప్త వ్యసనాలలోనిది, పరువు తీసే మాట. చెట్టు కింద పేకాటను, మూడు ముక్కలను జూదమని ఒప్పుకొనేవాడు కూడా ఫోన్‌లో రమ్మీని, మ్యాచ్ మీద వేసిన బెట్టింగ్‌ను ఆ మాట కిందికి తేడు. కాబట్టి శిక్షణలో వచ్చిన పత్రాన్ని మాటకు మాట తెలుగు చేసి చదవడం కంటే, అందులోని ఉద్దేశాన్ని మీ పల్లె మాటలోకి తేవడం నేర్చుకోవాలి.

రెండే ప్రశ్నలున్న ఒక చిన్న పరీక్ష 1997 నుంచి వాడుకలో ఉంది: పెట్టే డబ్బును పెంచుకుంటూ పోవాలని ఎప్పుడైనా అనిపించిందా, ఎంత ఆడుతున్నారో ఇంట్లో ముఖ్యమైనవారితో అబద్ధం చెప్పవలసి వచ్చిందా. ఒక్కదానికైనా అవునంటే వివరంగా మాట్లాడవలసిన మనిషి అని అర్థం. వీటిని "పైసలు పెట్టి ఆడే ఆట ఏదన్న ఫోన్ల ఆడుతవా? మొదలు పెట్టినప్పటికంటే ఇప్పుడు ఎక్కువ పెట్టబుద్ధి అయితున్నదా? ఎంత పోయిందో ఇంట్ల దాచిపెట్టినవా?" అని అడగవచ్చు. ముందు ఆట పేర్లు అడగండి, తరువాత డబ్బు గురించి, చివరన దాపరికం గురించి. 2001లో వచ్చిన తొమ్మిది ప్రశ్నల సమస్యాత్మక జూద సూచిక కౌన్సెలర్‌కు పనికివస్తుంది. అందులో 27కు 8 లేదా అంతకంటే ఎక్కువ వస్తే సమస్య తీవ్రమని, 3 నుంచి 7 వరకు మధ్యస్థ ప్రమాదమని లెక్క. మీ బృందం దానిని తెలుగులోకి తెస్తే, మూలం చూడని మరొకరి చేత తిరిగి ఇంగ్లీషులోకి మార్పించి, అర్థం నిలిచిందో లేదో పోల్చి చూసిన తరువాతే వాడండి. మార్కులు వేయడం మీ పని కాదు. ఆ రెండు ప్రశ్నలు అడిగి, అవునన్నవారిని కౌన్సెలర్ దాకా నడిపిస్తే మీరు చేయవలసింది చేసినట్టే.

ఆడవారిని కూడా అడగడం మరచిపోకండి. వారు ఆడరని అనుకోవడం వల్లనే వారి సంగతి ఆలస్యంగా బయటపడుతుంది.

ప్రశ్న: కల్వకుర్తిలో జూనియర్ కళాశాల అధ్యాపకుడిని, విద్యార్థుల సలహా బాధ్యత కూడా నాదే. బెట్టింగ్ యాప్‌ల మీద ఏటా ఒక సభ పెట్టి, ఒక అధికారి చేత ఉపన్యాసం ఇప్పిస్తున్నాం. విద్యార్థులు చప్పట్లు కొట్టి వెళ్లిపోతున్నారు. నివారణ గురించి నేను ఏమి నేర్చుకోవాలి?

జవాబు: మీకున్న అసంతృప్తి సరైనదే. ఏడాదికి ఒక సభ, భయపెట్టే ఉపన్యాసం, ఆత్మహత్యల చిత్రాలు పిల్లల ప్రవర్తనను మార్చవు. పైగా కొందరికి అప్పటివరకు తెలియని యాప్‌ల పేర్లు తెలుస్తాయి. నివారణ కూడా ఒక విద్యే, దానికీ శిక్షణ కావాలి.

మీరు ఏ పాఠం చెబుతారో రాయలేదు కాని, గణితం అధ్యాపకుడిని తోడు తీసుకోండి. 100 రూపాయలకు సగటున 95 తిరిగి ఇచ్చే ఆట చాలా ఉదారమైనదిగా కనిపిస్తుంది. అందులో 1,000 రూపాయలు పెట్టి, వచ్చినదంతా మళ్లీ పెడుతూ పోతే ఇరవై విడతలు ముగిసేసరికి సగటున మిగిలేది సుమారు 358 రూపాయలు. ఈ లెక్కను మీరు చెప్పకండి, పిల్లలచేత బోర్డు మీద వేయించండి. మరొక రోజు నాణెం ఎగరేయించి వంద ఫలితాలు రాయించండి. అయిదారు బొమ్మలు వరుసగా పడిన చోట తరువాతి ఫలితాన్ని ఊహించమనండి. 1913 ఆగస్టు 18న మాంటే కార్లో జూదశాలలో ఎరుపు, నలుపు గళ్లున్న రూలెట్ చక్రం వరుసగా 26 సార్లు నలుపు మీద ఆగింది. ఇక ఎరుపు తప్పదని నమ్మినవారు ప్రతిసారీ ఎరుపు మీద పెంచి పెట్టి భారీగా పోగొట్టుకున్నారు. చక్రానికి జ్ఞాపకం లేదన్న సంగతిని పిల్లలు తమ కాగితం మీద తామే చూస్తే ఆ పాఠం నిలుస్తుంది.

అయితే లెక్క ఒక్కటే చాలదు. లెక్క బాగా వచ్చిన ఇంజనీరింగ్ విద్యార్థులు కూడా మునిగిపోతున్నారు. ఎప్పుడు వస్తుందో తెలియని బహుమతి మనిషిని ఎంత గట్టిగా పట్టి ఉంచుతుందో, గెలుపు శబ్దాలు, ఉచితంగా ఇచ్చే తొలి బోనస్, స్నేహితుణ్ణి చేర్పిస్తే ఇచ్చే కమీషన్ ఎందుకు పెట్టారో వారితో విప్పించాలి. పిల్లలకు తాము మోసపోతున్నామని తెలిస్తే వచ్చే రోషం మన హెచ్చరిక కంటే బలమైనది. వలస వెళ్లిన తల్లిదండ్రులు పంపే డబ్బును తామే ఖర్చు పెట్టుకుంటూ హాస్టల్‌లో ఉండే పాలమూరు పిల్లల విషయంలో మరింత శ్రద్ధ కావాలి. రాత్రి వారి ఒంటరితనం మీకు తెలిసినంతగా సభలో మాట్లాడి వెళ్లిన అధికారికి తెలియదు. ఉపన్యాసం కంటే, డబ్బు పోగొట్టుకున్న విద్యార్థి ఆ మరునాడే భయం లేకుండా తలుపు తట్టగల ఒక్క అధ్యాపకుడు ఉండడం మేలు. ఆ అధ్యాపకుడు మీరు కావాలంటే, తల్లిదండ్రులకు ఎప్పుడు చెప్పాలి, ఎప్పుడు విద్యార్థిచేతనే చెప్పించాలి అన్నది అభ్యాసం చేసి నేర్చుకోవాలి. శిక్షణలో ఒకరు విద్యార్థిగా, ఒకరు అధ్యాపకుడిగా నటిస్తూ చేసే అభ్యాసం దీనికి బాగా పనికివస్తుంది, సిగ్గుపడి తప్పించుకోకండి.

ప్రశ్న: మిర్యాలగూడలో సామాజిక కార్యకర్తని. డబ్బు పెట్టి ఆన్‌లైన్‌లో ఆడడం నేరమైనప్పుడు, నా దగ్గరకు వచ్చినవారి గురించి పోలీసులకు చెప్పాలా? చెప్పకపోతే నేనూ తప్పు చేసినట్టా?

జవాబు: చట్టం మారినప్పుడల్లా చదువుకోవడం కౌన్సెలర్ నిరంతర విద్యలో భాగమే కనుక కొంచెం వివరంగా చెబుతాను. మన రాష్ట్రంలో 1974 నాటి జూద నిరోధక చట్టాన్ని 2017లో సవరించి, డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను కూడా నిషేధించారు. రమ్మీ నేర్పు ఆట కాబట్టి మినహాయింపు ఉందన్న పాత వాదన అప్పటి నుంచి ఇక్కడ చెల్లలేదు. దేశం మొత్తానికి 2025 ఆగస్టు 22న రాష్ట్రపతి ఆమోదం పొందిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం, అటువంటి ఆటలను నడిపేవారికి మూడేళ్ల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా, ప్రకటనలు ఇచ్చేవారికి రెండేళ్ల వరకు జైలు, 50 లక్షల వరకు జరిమానా నిర్ణయించింది. ఆ కేంద్ర చట్టం ఆడినవారిని శిక్షించదు. పేకాట స్థావరంలో పట్టుబడిన సంగతి వేరు, అది రాష్ట్ర చట్టం కిందికి వస్తుంది.

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చికిత్స పొందేవారి వివరాలు గోప్యంగా ఉంచుకొనే హక్కును వారికి ఇచ్చింది. ప్రాణాపాయం, ఇతరులకు హాని, న్యాయస్థానం ఆదేశం వంటివి మాత్రమే మినహాయింపులు. ఆట ఆడానని మీతో చెప్పుకున్నవాని పేరు మీరు ఎక్కడా చెప్పనవసరం లేదు. ఆ మినహాయింపులను మాత్రం మొదటి రోజే, అప్పుల లెక్క రాయడానికి కాగితం తీయకముందే, అతనికి స్పష్టంగా చెప్పాలి. తరువాత చెబితే మోసం చేసినట్టు భావిస్తారు. రుణ యాప్‌వాళ్లు ఫోటోలు మార్చి బంధువులకు పంపుతామని బెదిరిస్తున్నా, నకిలీ యాప్‌లో డబ్బు పోయినా, అతనే సైబర్ నేరాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు ఇచ్చేటట్టు పక్కన కూర్చుని సాయపడండి. బెదిరింపు సందేశాలను, చెల్లింపుల వివరాలను భయంతో చెరిపివేయవద్దని ముందుగా చెప్పండి. చాలామంది మీ దగ్గరకు వచ్చేలోపే అవి చెరిపివేసి ఉంటారు.